పాత హాస్య సీరియల్ కేసెట్లు, వీసీడీలు, డీవీడీలు: ఆడకపోతే ఏం చూడాలి, ఏం చేయాలి

అటక మీది ట్రంకుపెట్టెలో పాత సీరియల్ కేసెట్టు దొరికితే వెంటనే వీసీఆర్‌లో పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదిలో సగం నెలలు గాలిలో తేమే. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు అయితే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పైకప్పులు కారిన ఇళ్లలో తడిసి, తర్వాత వాటంతటవే ఆరిన కేసెట్లు ఇంకా ఉన్నాయి. అలాంటిదాన్ని పరీక్షించకుండా ఆడిస్తే కేసెట్టూ పోతుంది, వీసీఆరూ పోతుంది.

ఇంకో మాట. మరమ్మతులో అందరూ బొమ్మ వెంట పడతారు. హాస్య సీరియల్‌కు ప్రాణం మాట. ముఖం మసకగా ఉన్నా నవ్వొస్తుంది. పంచ్ డైలాగు వినబడకపోతే ఆ సీను వృథా. కాబట్టి ముందు ధ్వని సరిచేసుకోండి, బొమ్మ సంగతి తర్వాత.

కేసెట్టు కిటికీలోంచి తెల్లటి పొడి కనిపిస్తోంది

అది బూజు. రీలు చుట్ట అంచున తెల్లటి నూగులాగో, సాలెగూడు పోగుల్లాగో ఉంటుంది. మెరిసే నల్లటి చుట్ట మీద ఒక పక్కే మసకబారినా అనుమానించాలి. దీన్ని ఆడిస్తే బూజు వీసీఆర్ లోపల రీలును చదివే హెడ్డుకు అంటుకుని, ఆ తర్వాత పెట్టిన ప్రతి కేసెట్టుకూ పాకుతుంది.

ముందు దాన్ని మిగతావాటి నుంచి విడదీయండి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఐదారు సిలికా జెల్ పొట్లాలతో కలిపి రెండు వారాలు ఉంచండి. ఎండలో పెట్టవద్దు, హెయిర్ డ్రైయర్ పట్టవద్దు. వేడికి రీలు సాగుతుంది, పెట్టె వంకర పోతుంది. తేమ పోయాక బూజు పొడిగా రాలుతుంది. అప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, వరండాలో, మెత్తటి బ్రష్షుతో పెట్టె పైన, కిటికీ దగ్గర దులపండి. లోపల రీలు మీద కూడా ఉంటే, పోయినా ఫర్వాలేదనుకున్న పాత వీసీఆర్ ఒకటి దానికే కేటాయించి, ముందుకూ వెనక్కూ ఒక్కోసారి పూర్తిగా చుట్టించి, ఆ తర్వాత దాని హెడ్డు తుడవాలి. మంచి వీసీఆర్‌లో ఈ పని చేయకండి.

వరద నీటిలో మునిగిన కేసెట్టు వేరే సంగతి. రీలు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. బలవంతంగా చుట్టిస్తే బొమ్మ నిలిచి ఉండే పూత ఊడి వస్తుంది. చేత్తో చక్రం తిప్పితే పట్టేసినట్టు అనిపించిందా, అక్కడే ఆపేయండి. టేపుల పునరుద్ధరణ తెలిసినవాళ్లకే అప్పగించాలి.

వీసీఆర్‌లో పెట్టే ముందు

కేసెట్టు వీపు వైపు ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత బొమ్మ చెరగదు. పక్కనున్న బుల్లి మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుంటుంది. రీలు నలిగిందేమో, అంచులు ముడతలు పడ్డాయేమో చూడండి. వీహెచ్‌ఎస్ రీలు పై అంచున మామూలు ధ్వని, కింది అంచున ట్రాకింగ్ సంకేతం (హెడ్డు బొమ్మ దారి తప్పకుండా చూసేది) ఉంటాయి. అందుకే పై అంచు నలిగితే మాట పోతుంది, కింది అంచు నలిగితే బొమ్మ ఎగురుతుంది. దెబ్బ ఎక్కడుందో చూస్తే రాబోయే జబ్బు ముందే తెలుస్తుంది.

వీసీఆర్ సంగతీ చూడండి. పదేళ్లు మూలన పడి ఉన్నదాంట్లో రబ్బరు బెల్టులు జిగురులా మారి ఉంటాయి. ముందు పనికిరాని కేసెట్టు ఒకటి పెట్టి, ముందుకు చుట్టడం, వెనక్కి చుట్టడం, ఆడించడం, బయటికి తీయడం, ఈ నాలుగూ పరీక్షించండి. ఏసీ గదిలోంచి ఉక్కపోత గదిలోకి తెచ్చిన వీసీఆర్‌ను గంట, రెండు గంటలు ఆగి గానీ ఆన్ చేయకూడదు. లోపల హెడ్డు ఉండే గుండ్రటి డ్రమ్ము మీద చెమ్మ పడితే రీలు దానికి అతుక్కుపోతుంది.

రీలు నమిలేస్తోంది

ఎక్కువసార్లు కారణం రీలును నొక్కి నడిపే రబ్బరు చక్రం, అంటే పించ్ రోలర్, గట్టిపడటం, లేదా రీలును చుట్టుకునే చక్రం తిరగకపోవడం. ఆడించేటప్పుడు ఎడమ చక్రం నుంచి వదిలిన రీలును కుడి చక్రం చుట్టుకోకపోతే, అది లోపల కుప్పపడి నలుగుతుంది. బయటికి తీయమంటే కేసెట్టుతో పాటు రీలు గుంజుకుంటూ వస్తే లాగకండి. మూత విప్పి, రీలును వేళ్లతో మెల్లగా వదులు చేసి, కేసెట్టు చక్రాన్ని చేత్తో తిప్పుతూ లోపలికి చుట్టండి. రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. రోలర్ గాజులా నిగనిగలాడుతుంటే తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే.

నలిగిన ముక్క తప్పనిసరిగా కోయాల్సి వస్తే, అతకడానికి స్ప్లైసింగ్ టేపే వాడాలి. మామూలు సెల్లో టేపు జిగురు కారి హెడ్డుకు పడుతుంది. ఒక్క అతుకు కోసం హెడ్డు పోగొట్టుకోకూడదు. పెట్టె పగిలితే అడుగున ఐదు స్క్రూలు విప్పి, రెండు చక్రాలనూ అలాగే మంచి పెట్టెలోకి మార్చవచ్చు. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రీలు ఏ గుంజ పక్కనుంచి వెళ్లిందో తర్వాత గుర్తుండదు.

మధ్యలో కరెంటు పోయింది

మన దగ్గర ఇది అప్పుడప్పుడూ జరిగేదే. ఆడుతుండగా కరెంటు పోతే రీలు డ్రమ్ము చుట్టూ చుట్టుకుని ఉండిపోతుంది. కరెంటు రాగానే బయటికి తీసే బటన్ ఒక్కసారి నొక్కి, అరనిమిషం ఆగండి. పదేపదే నొక్కితే మోటారు తికమక పడుతుంది. అయినా రాకపోతే ప్లగ్గు తీసి, పది నిమిషాలయ్యాక మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే మూత విప్పి, లోడింగ్ మోటారు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి రీలును విడిపించాలి. వీసీఆర్ పెద్దగా కరెంటు తాగదు కాబట్టి కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ దానికి సరిపోతుంది. ఇన్వర్టర్ మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి. మారే క్షణంలో వీసీఆర్ ఆగిపోవచ్చు.

బొమ్మ నిండా చీమలు, గీతలు

గీతల పట్టీ పైకీ కిందికీ కదులుతుంటే ట్రాకింగ్ సర్దండి. అది వీసీఆర్ ముందు భాగంలోనో, రిమోట్‌లో ఛానల్ బటన్ల మీదనో ఉంటుంది. తెర మొత్తం చీమలైతే హెడ్డు మురికిపట్టింది. తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర అడగండి. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నూనె కలిసి ఉండవచ్చు, అది వద్దు.

నూలు రాలని మెత్తటి గుడ్డ, షామీ తోలు ముక్క అయితే ఇంకా మంచిది, తడిపి డ్రమ్ము పక్కన కదలకుండా ఆనించి పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని నాలుగైదు చుట్లు తిప్పండి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే గాజుగింజంత హెడ్డు విరిగిపోతుంది. చెవి పుల్లలు హెడ్డు దగ్గరకు రానివ్వకండి. డ్రమ్ము తర్వాత రీలు దాటే చోట కదలకుండా నిలిచి ఉండే ధ్వని హెడ్డును మాత్రం పుల్లతో తుడవవచ్చు. మాటలు మూసుకుపోయినట్టు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తే తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది. పది నిమిషాలు ఆరనిచ్చి ఆడించండి.

మాటలు గలగలా వేగంగా, కీచుగా వస్తే కేసెట్టు లాంగ్ ప్లేలో, అంటే సగం వేగంతో, రికార్డయింది. ఈ-180 కేసెట్టులో మామూలుగా 3 గంటలు పడుతుంది, లాంగ్ ప్లేలో 6. డబ్బు ఆదాకు అప్పట్లో ఇలా ఎక్కించేవారు. ఆ వేగం లేని పాత వీసీపీలో (ఆడించడమే తప్ప రికార్డు చేయలేనిది) అది ఎప్పటికీ సరిగా ఆడదు, లాంగ్ ప్లే ఉన్న వీసీఆర్ వెతకాల్సిందే.

కొత్త టీవీకి పెడితే బొమ్మ నలుపు తెలుపు, లేదా నీలం తెర

నలుపు తెలుపు అయితే ముందు తీగ చూడండి. కొన్ని కొత్త టీవీల్లో ఆకుపచ్చ రంధ్రం ఏవీకీ (పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత పద్ధతి) కాంపొనెంట్‌కీ ఉమ్మడిగా ఉంటుంది. పసుపు పిన్ను అందులో పెట్టి, ఇన్‌పుట్‌లో కాంపొనెంట్ ఎంచుకుంటే రంగు పోతుంది. ఏవీ ఎంచుకోండి. అయినా రాకపోతే మెనూలో కలర్ సిస్టమ్‌ను పాల్ చేయండి. అప్పటి మన దేశపు టీవీ ప్రసారాలు పాల్ పద్ధతిలోనివే.

ఏవీ రంధ్రాలే లేని టీవీకి ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా కొనాలి. దుకాణంలో దిశ తప్పకుండా చెప్పండి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా అచ్చం అలాగే ఉంటుంది, కానీ దానితో ఈ పని అవదు. కొన్న డబ్బాకు 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటు ఇవ్వాలి. టీవీ యూఎస్‌బీ చాలకపోతే ఫోన్ ఛార్జర్ పెట్టండి.

బొమ్మ వస్తూ వస్తూ నీలం తెర పడుతుంటే, కేసెట్టు సంకేతం తడబడిన ప్రతిసారీ కొత్త టీవీ సిగ్నల్ లేదనుకుంటోంది. పాత డబ్బా టీవీ ఇలాంటివి సర్దుకుపోతుంది. పక్కింట్లో ఒకటి మిగిలి ఉంటే దానికే పెట్టి చూడండి.

మనుషులందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తే అది 4:3 బొమ్మను 16:9కి సాగదీయడం వల్ల. రిమోట్‌లో స్క్రీన్ సైజు 4:3 చేయండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, అవి రావాలి కూడా. జూమ్ పెడితే తలలు తెగుతాయి, కింద పడే పేర్లు పోతాయి.

నవ్వులు, సంగీతం వస్తున్నాయి, మాటలు రావడం లేదు

డీవీడీలో ఇది తరచూ ఎదురవుతుంది. 5.1 ధ్వనిలో మాటలు మధ్య స్పీకర్‌కు వెళ్తాయి. మీకు ఆ స్పీకర్ లేదు. ప్లేయర్ ఆడియో మెనూలో స్టీరియో లేదా డౌన్‌మిక్స్ ఎంచుకుంటే మాటలు రెండు పక్కలకూ వస్తాయి. మూడు నల్ల గీతలుండే చిన్న ఏవీ పిన్ను వాడుతుంటే అది పూర్తిగా దిగిందో లేదో కూడా చూడండి. సగం దిగితే రెండు ఛానళ్లు ఒకదాన్నొకటి చంపుకుని మధ్యలోని గొంతు మాయమవుతుంది. ఈ తీగల అమరిక అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. మీ టీవీకి సరిపోని తీగతో బర్రుమనే శబ్దం, గీతల బొమ్మ వస్తాయి.

డీవీడీ అసలు ఆడకపోతే ఎక్కడి నుంచి తెచ్చారో ఆలోచించండి. అమెరికాలో ఉన్న చుట్టాలు పంపినదైతే అది రీజియన్ 1, మనది 5. రీజియన్ అంటే ఏ దేశపు ప్లేయర్‌లో ఆడాలో డీవీడీలో పెట్టిన కట్టడి. మల్టీ రీజియన్ ప్లేయర్ కావాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చవచ్చు గానీ ఐదుసార్లే. ఐదోసారి పెట్టినది అలాగే ఉండిపోతుంది.

వీసీడీ గళ్లు గళ్లుగా ఆగిపోతోంది

వీసీడీలో బొమ్మ 352×288 చుక్కలే. నిడివికి చోటు మిగల్చడానికి మామూలు డేటా సీడీలో ఉండే తప్పులు దిద్దే అదనపు పొర వీడియో భాగంలో ఉండదు. అందుకే డేటా సీడీ తట్టుకునే గీతకే వీసీడీ గళ్లు పడుతుంది. తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే కొత్త గీత ట్రాక్ వెంటే పడి మరీ చేటు. టూత్‌పేస్టు ప్రయోగాలు వద్దు. సీడీలో మెరిసే పొర లేబుల్ కిందే ఉంటుంది కాబట్టి పేరు రాసిన వైపు గీత పడితే ఇక బాగుపడదు. కాగితపు స్టిక్కర్ ఉంటే పీకకండి, పొర కూడా దాంతో వచ్చేస్తుంది.

టీవీ యూఎస్‌బీలో ఆడించాలంటే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లోని డీఏటీ (.dat) ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, వీఎల్‌సీలో ఆడుతోందో చూసి, ఎంపీ4గా మార్చండి. కాపీ మధ్యలో ఆగితే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకొకటి చదవడం మామూలే.

కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దువ్వెన పళ్లలాంటి గీతలు, ధ్వని వెనకబడటం

పాల్ బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోటీ రెండు సగాలుగా వస్తుంది. కదిలే చేతుల అంచుల్లో దువ్వెన కనిపించేది అందుకే. వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. ఎక్కించేటప్పుడు 720×576, 25 ఫ్రేములు ఉంచండి, సైజు తగ్గించకండి.

ధ్వని మెల్లగా వెనకబడితే, బొమ్మ యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చేది) ద్వారా, ధ్వని లాప్‌టాప్ మైక్ రంధ్రం ద్వారా విడివిడిగా తీసుకుంటున్నారేమో చూడండి. రెండూ ఆ కార్డు నుంచే రావాలి. మూడు గంటల కేసెట్టు ఒక్క బిగిని కాకుండా ఎపిసోడ్ ఎపిసోడ్‌గా ఎక్కిస్తే తేడా పేరుకోదు. సెకనుకు 8 మెగాబిట్ల వేగంలో గంటకు సుమారు 3.6 జీబీ పడుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

పేరు రాయని కేసెట్టులో ఏముంది?

తెర మూలన ఉన్న ఛానల్ గుర్తు చూడండి. ఈటీవీ, జెమినీ రెండూ 1995లో మొదలయ్యాయి కాబట్టి వాటి గుర్తుంటే కేసెట్టు అంతకు ముందుది కాదు. 1984 నాటి 'యే జో హై జిందగీ' లాంటి హిందీ హాస్యం దూరదర్శన్‌ది. జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' దొరికితే నాయక పాత్రలో ఎవరున్నారో చూడండి. మొదట శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆపైన హర్షవర్ధన్ ఆ పాత్ర వేశారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు అన్నిటా ఉన్నారు కాబట్టి ఆయన్ను బట్టి కాలం తేలదు.

మధ్యలో వచ్చే ప్రకటనలు కోసేయకండి. సీరియల్ ఇంకెక్కడైనా దొరకవచ్చు, ఆ ఆదివారం దాని మధ్య ఏం వచ్చిందో మాత్రం మీ కేసెట్టులోనే ఉంది. ఎక్కించిన ఫైలు రెండు వేర్వేరు చోట్ల దాచండి. అసలు కేసెట్టును పూర్తిగా మొదటికి చుట్టి, పుస్తకంలా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. అటక మీద కాకుండా నడుము ఎత్తు అలమారలో, వానకు చెమ్మగిల్లే బయటి గోడకు దూరంగా. అక్టోబరు తుఫానులు రాకముందే పొట్లాలు మార్చండి.