బొమ్మల యుద్ధం నేర్చుకుందాం – 4వ భాగం: నేల, గోడ, బురుజు

బొమ్మల యుద్ధం అంటే చిన్న సైనికుల బొమ్మలను టేబుల్ మీద నిలిపి, పాచికలు వేస్తూ ఆడే యుద్ధపు ఆట. మొదటి మూడు భాగాల్లో ఖాళీ టేబుల్ మీద దళాలను నడపడం, తుపాకులు పేల్చడం, ముఖాముఖి పోరు చూశాం. ఇప్పుడు ఆ టేబుల్ మీదికి రాళ్లు, చెట్ల తోపులు, చెరువు, కోట గోడ వస్తాయి. ఆటలో గొడవలు మొదలయ్యేది ఇక్కడే. పాచిక మీద ఒకటి పడితే ఎవరూ వాదించరు. "నా వాళ్లు గోడ చాటున ఉంటే నువ్వెలా కాలుస్తావ్?" అన్న దగ్గర మాత్రం అరగంట పోతుంది. బొమ్మలు దించకముందే ఇద్దరూ టేబుల్ చుట్టూ తిరిగి, ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి, దాని నియమం ఏమిటో పైకి చెప్పుకుని కాగితం మీద రాసుకోవాలి. ఈ భాగంలో నేర్చుకోవాల్సింది ఆ పనే.

ఉదాహరణకు 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించిన సందర్భాన్ని తీసుకుందాం. మన హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి సందేహం వచ్చినప్పుడు వెళ్లి కళ్లారా చూడొచ్చు. ఈ ఆటలో అంతకన్నా మంచి సాయం లేదు.

ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగండి. దాని అవతలి వాళ్లు కనిపిస్తారా? దాని గుండా నడవొచ్చా? అందులో ఉన్నవాళ్లను అది కాపాడుతుందా? మూడింటికీ జవాబులు విడివిడిగా రాయండి. చెరువు అయితే చూపుకు అడ్డు రాదు, నడవనివ్వదు, కాపాడదు. ఎత్తుగా పెరిగిన జొన్న చేను చూపుకు అడ్డం, నడకకు పెద్దగా అడ్డం కాదు, తూటాను అసలే ఆపదు. కనిపించకపోవడం, తూటా తగలకపోవడం ఒకటే అనుకోవడం వల్ల సగం వాదనలు పుడతాయి.

గోల్కొండ చుట్టుపక్కల గ్రానైట్ గుండ్ల విషయం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. కాలిబంట్లు వాటి సందుల్లోంచి నెమ్మదిగా వెళ్లగలరు, చాటున దాక్కోగలరు. గుర్రపు దళం వరస చెదరకుండా వెళ్లలేదు. ఫిరంగిని లాగడం కుదరదు. అంటే ఒకే రాళ్లకు మూడు రకాల దళాలతో మూడు నియమాలు. టేబుల్ మీద రెండు మూడు గుండ్లు పెట్టి, వాటి చుట్టూ ఒక గుడ్డ ముక్కో అట్టో పరచండి. దాని అంచే రాళ్ల ప్రాంతం హద్దు. బేస్ (బొమ్మ నిలబడే అడుగు పలక) సగానికి పైగా లోపల ఉంటే ఆ దళం లోపల ఉన్నట్టే, లేదంటే బయటే. కొందరు వంగి బొమ్మ కంటి ఎత్తు నుంచి చూసి నిర్ణయిస్తారు. ఏ పద్ధతైనా సరే కానీ, ఒక ఆటలో రెండూ కలపొద్దు. నాకైతే హద్దు పద్ధతే ఇష్టం.

కొలత గురించి ఒక్క మాట. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. సుమారు పది కిలోమీటర్ల గోల్కొండ వెలుపలి ప్రాకారం ఆ లెక్కన 160 మీటర్లు దాటుతుంది. అంత టేబుల్ ఎవరింట్లోనూ ఉండదు. అందుకే దూరాలను కుదిస్తాం, ఒక దర్వాజా, రెండు బురుజులు మాత్రమే కడతాం. థర్మోకోల్ షీట్లు చాలు.

ఇక గోడ. కొత్తవాళ్లు గోడ మొత్తాన్ని ఒకే వస్తువుగా చూస్తారు. నిజానికి గోడ పైన, లోపలి వైపు, బయట పాదం దగ్గర, గండి పడిన చోట, ఈ నాలుగింటికీ వేర్వేరు నియమాలు కావాలి. పైన ఉన్నవాళ్లకు తూటా నుంచి గట్టి రక్షణ ఇవ్వండి. ఫిరంగి గుండు నుంచి అంత ఇవ్వొద్దు, పిట్టగోడ పగిలి ఆ రాతి ముక్కలే మనుషులను కొడతాయి.

గోడ పాదం దగ్గరికి శత్రువు వచ్చి ఆనుకున్నాడనుకోండి. సరిగ్గా పైన నిలబడినవాడు నిటారుగా కిందికి కాల్చాలంటే గోడ మీంచి బయటికి వేలాడాలి. అక్కడ అతనికి చూపు లేదు. బురుజులు ముందుకు పొడుచుకు వచ్చేది అందుకే. గోల్కొండ వెలుపలి గోడకు అర్ధచంద్రాకారపు బురుజులు 87 ఉన్నాయి. పక్క బురుజులో ఉన్నవాడు గోడ పొడవునా అడ్డంగా కాల్చగలడు. కాబట్టి ఇలా రాసుకోండి: గోడను ఆనుకున్న దళాన్ని దాని నెత్తిమీది వాళ్లు తుపాకీతో కాల్చలేరు, రాళ్లు దొర్లించగలరు. పక్క బురుజు వాళ్లు కాల్చగలరు, గోడ వాళ్లను కాపాడదు. ఈ ఒక్క నియమంతో బురుజును ముందు పట్టుకోవాలన్న ఆలోచన ఆటగాళ్లకు దానంతటదే వస్తుంది.

దర్వాజా దగ్గర కూడా ఇంతే. గోల్కొండ లోపలి కోట ముఖద్వారమైన బాలాహిసార్ దర్వాజా ముందు అడ్డుగోడ ఉంది, ఏనుగు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా. ఆటలో అక్కడ మలుపు తిరిగిన దళానికి దూకుడు పాయింట్లు (పరిగెత్తుకొచ్చి గుద్దినందుకు ఇచ్చేవి) తీసేయండి.

ఎత్తు మర్చిపోవద్దు. గోడకన్నా ఎత్తైన గుట్ట మీదికి శత్రువు ఫిరంగులు ఎక్కిస్తే, లోపలివాళ్లకు ఆ వైపు గోడ చాటు ఉండదు. 1656లో మొగలుల దాడి తర్వాత అలాంటి గుట్టను కలుపుకునే గోల్కొండలో నయాకిలా (కొత్త కోట) కట్టారు.

గండి పడితే దారి తెరుచుకున్నట్టు కాదు. కూలిన రాళ్ల కుప్ప ఎక్కాలి, అంటే సగం వేగం, వరస చెదురుతుంది. గోడ కింద మందుపాతర పెట్టేవాళ్లకు ఎదురుదెబ్బ అవకాశం కూడా ఉండాలి. 1687లో కోటలోనివాళ్లు సొరంగాలను పసిగట్టి లోపలి వైపు పేలుడు మందు తీసేశారు. పేలుడు బయటికి తన్ని మొగలు సైనికులే చచ్చారు. అందుకే మందుపాతర పాచికలో ఒకటి పడితే దెబ్బ పెట్టినవాళ్లకే తగలాలి.

ఆ ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. చివరికి కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ మొగలులకు దర్వాజా తెరిపించాడు, గోడ ఓడలేదు. కొందరు ఈ ద్రోహాన్ని కూడా పాచికకు వదిలేస్తారు. నేను ఒప్పుకోను. రెండు గంటలు కష్టపడి కాపాడుకున్న కోట ఒక్క పాచికతో పోతే ఆడినవాడికి మిగిలేదేమీ లేదు. కావాలంటే తలుపు తెరుచుకున్న క్షణం నుంచే ఆట మొదలుపెట్టండి. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ కొద్దిమందితో ఎదురు నిలిచి ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడిన ఘట్టం అక్కడే ఉంది.

అభ్యాసం: రెండు బురుజులు, మధ్యలో దర్వాజా, ముందు కందకం, కుడివైపు గుండ్లు గీయండి. కందకంలో దిగిన దళం నిచ్చెనలతో గోడను ఆనుకుంది. ఎవరు దాన్ని కాల్చగలరు? గుండ్ల చాటున ఉన్న మీ తుపాకీ దళం ఎడమ బురుజు మీదివాళ్లను కాలిస్తే వాళ్లకు ఏ రక్షణ ఉంటుంది? జవాబులు రాసి, మీతో ఆడేవాళ్లను విడిగా రాయమనండి. తేడా వచ్చిన చోటే మీ కాగితంలో నియమం ఇంకా స్పష్టం కాలేదు. 5వ భాగంలో కందకం పూడ్చడం, మోర్చాలు (ముట్టడి చేసేవాళ్లు చాటు కోసం తవ్వుకునే గుంతలు) తవ్వడం చూద్దాం.