పాటల కోసం ప్రీమియం ఓవర్-ఇయర్ హెడ్‌ఫోన్స్ ఎలా ఎంచుకోవాలి?

ఒకే హెడ్‌ఫోన్స్‌తో ఒకే పాట విన్న ఇద్దరిలో ఒకరు "బేస్ భలే నిండుగా ఉంది" అంటారు. రెండోవారు "ఏముంది ఇందులో, పల్చగా ఉంది" అని పెదవి విరుస్తారు. అభిరుచుల్లో తేడా అనుకుని ఊరుకుంటాం గానీ, చాలాసార్లు అసలు సంగతి రెండోవారి కళ్లజోడు. దాని కాడ ప్యాడ్‌ని కొద్దిగా పైకి లేపుతుంది. ఆ సన్నటి సందులోంచి బేస్ జారిపోతుంది. చెవి చుట్టూ కూర్చునే హెడ్‌ఫోన్స్‌కి మీ తల ఆకారం, చెవుల సైజు, జుట్టు, కళ్లజోడు అన్నీ లెక్కలోకి వస్తాయి. రివ్యూల్లో అందరూ ఆకాశానికెత్తిన మోడల్ మీ తల మీద మామూలుగా వినిపించడానికి ఇదో పెద్ద కారణం. అందుకని స్పెసిఫికేషన్లు, గ్రాఫులు ఆఖర్న చూద్దాం. ముందు మీ సంగతి.

1. ఎక్కడ వింటారో తేల్చుకోండి

ఓవర్-ఇయర్‌లో ప్రధానంగా రెండు రకాలు. కప్పుల వెనక భాగం మూసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్, జాలీలాగా తెరిచి ఉంటే ఓపెన్ బ్యాక్. ఓపెన్ బ్యాక్‌ని మార్కెట్లోకి తెచ్చిన మొదటి మోడల్ 1968 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 414. ఓపెన్ బ్యాక్‌లో డ్రైవర్ (శబ్దాన్ని పుట్టించే చిన్న స్పీకర్) వెనక నుంచి వచ్చే శబ్దం కప్పులో చిక్కుకుని తిరిగి కొట్టకుండా బయటికి వెళ్లిపోతుంది కాబట్టి, పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త విశాలంగా, సహజంగా వినిపిస్తుంది. చెవులకి గాలి కూడా ఆడుతుంది.

ఇబ్బంది కూడా అక్కడే. మీరు వినే పాట పక్కవాళ్లకీ వినిపిస్తుంది, పక్కవాళ్ల మాటలు మీకూ వినిపిస్తాయి. నిశ్శబ్దంగా ఉండే గది, మీకంటూ ఒక కుర్చీ ఉంటే మాత్రం నా ఓటు ఓపెన్ బ్యాక్‌కే. ఒకే గదిలో ఇంకొకరు నిద్రపోతుంటే, ఆఫీసులో వినాలంటే క్లోజ్డ్ బ్యాక్ తప్పదు. బస్సు, రైలు, విమానం అయితే క్లోజ్డ్ బ్యాక్‌తో పాటు నాయిస్ క్యాన్సెలింగ్ కూడా ఉండాలి. ఇంజిన్, ఫ్యాన్, ఏసీ లాంటి ఎడతెగని లోతైన హోరుని అది బాగా తగ్గిస్తుంది. పక్క సీట్లో ఫోన్ మాట్లాడేవారి గొంతు మీద అంతగా పని చేయదు. దాన్ని ఆన్ చేయగానే కొందరికి చెవుల్లో ఒత్తిడి పెరిగినట్టు అనిపిస్తుంది. మీకు అలా ఉంటుందో లేదో పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు.

అన్ని చోట్లకీ ఒకటే కొందామనే ఆశ అందరికీ ఉంటుంది. మీరు ఎక్కువ గంటలు వినే చోటుకి సరిపోయేది కొనండి, మిగతా చోట్లకి ఇప్పుడున్నదే వాడుకోండి.

2. వైరా, బ్లూటూతా?

సౌకర్యం ముఖ్యమైతే బ్లూటూత్. కాకపోతే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొంటే డ్రైవర్లతో పాటు ఒక చిన్న ఆంప్ (సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్), ఒక చిప్, ఒక బ్యాటరీ కూడా కొంటున్నట్టే. బ్యాటరీ కొన్నేళ్లకి నీరసిస్తుంది. దాన్ని మార్చే వీలుందో లేదో కొనేముందే అడగండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 సంగతి చూడండి, 1997లో వచ్చిన వైర్డ్ మోడల్ ఇది. ప్యాడ్లు, కేబుల్, తల మీది మెత్త అన్నీ మనమే ఊడదీసి మార్చుకోవచ్చు. ఇంత ఖర్చు పెట్టేటప్పుడు ఈ విషయానికి నేను చాలా విలువ ఇస్తాను.

క్వాలిటీ మాటకొస్తే, సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్ల డేటా ఉంటుంది. బ్లూటూత్‌లో సోనీ వాళ్ల ఎల్‌డాక్ కోడెక్ (పాటని కుదించి పంపే పద్ధతి) ఎక్కువలో ఎక్కువ 990 కిలోబిట్లు పంపగలదు. సిగ్నల్ బలహీనపడితే 660కి, 330కి దిగుతుంది. ఇతర కోడెక్‌లైన ఏఏసీ, ఎస్‌బీసీ దాని కంటే తక్కువలో నడుస్తాయి. ఈ అంకెలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. మంచి కోడెక్‌తో వచ్చే నష్టం కంటే ప్యాడ్ సరిగ్గా కూర్చోకపోతే వచ్చే నష్టం చాలా పెద్దది. మీ ఫోన్, హెడ్‌ఫోన్స్ రెండూ ఒకే కోడెక్‌ని సపోర్ట్ చేస్తాయా అన్నది మాత్రం చూసుకోండి. ఐఫోన్‌లో ఎల్‌డాక్ ఉండదు.

3. పాట పెట్టకముందే తల మీద పెట్టి చూడండి

షాపులో చాలామంది హెడ్‌ఫోన్స్ చేతికి రాగానే ప్లే నొక్కేస్తారు. ఆగండి. ముందు ఏమీ వినకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ఊరికే పెట్టుకుని కూర్చోండి.

చెవి మొత్తం ప్యాడ్ లోపల పట్టాలి. చెవి అంచు ప్యాడ్ కింద మడత పడితే అరగంటలో నొప్పి మొదలవుతుంది. లోతు కూడా ముఖ్యం. కొన్ని కప్పుల్లో చెవి పైభాగం లోపలి గుడ్డకి, దాని వెనకున్న గట్టి జాలీకి తగులుతుంది. మొదట్లో గుర్తే ఉండదు, తర్వాత అదొక్కటే గుర్తుంటుంది. తలని కిందికి వంచి, పక్కలకి తిప్పి చూడండి. జారితే బిగుతు చాలనట్టు, దవడ కదిపితే కణతల దగ్గర నొక్కుతుంటే ఎక్కువైనట్టు. కొత్త హెడ్‌ఫోన్స్ బిగుతు వాడగా వాడగా కాస్త సడలుతుంది గానీ, మొదటి రోజే భరించలేకపోతే ఆ ఆశతో కొనొద్దు.

బరువు ఒక్కటే చూస్తే లాభం లేదు, అది తల మీద ఎలా పరుచుకుందన్నది చూడాలి. హెచ్‌డీ 600 సుమారు 260 గ్రాములు, యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385. పెద్ద ప్లేనార్ (పల్చటి చదునైన పొరని అయస్కాంతాలతో కదిలించే రకం) మోడల్స్ కొన్ని అర కిలో దాటుతాయి. వెడల్పాటి పట్టీ ఉన్న 400 గ్రాములది, నడినెత్తిన ఒకే చోట గుచ్చే 300 గ్రాముల దాని కంటే సుఖంగా ఉండొచ్చు.

ఇప్పుడు సందు పరీక్ష. మంచి బేస్ ఉన్న పాట పెట్టి, రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా తలకేసి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే మామూలుగా పెట్టుకున్నప్పుడు ఎక్కడో గాలి పోతున్నట్టే. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి ఇలా చేయండి. చెవి కింద, దవడ ఎముక వెనకున్న గుంట దగ్గర వేలితో తడిమితే సందు ఎక్కడుందో కూడా దొరుకుతుంది. సన్నటి కాడలున్న కళ్లజోడు, మెత్తటి ప్యాడ్లు ఈ సమస్యని చాలావరకు తగ్గిస్తాయి.

4. మీ పాటలతో, ఒకే వాల్యూమ్‌లో వినండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. షాపువాళ్ల డెమో పాటలు పక్కన పెట్టండి, అవి ఆ హెడ్‌ఫోన్స్‌లో బాగా వినిపించేవే అయి ఉంటాయి. మీకు కంఠతా వచ్చిన అయిదారు పాటలు తీసుకెళ్లండి. వాటిలో ఒకటి గొంతు ముందుండేది, ఒకటి బేస్ బాగా ఉన్నది, ఒకటి పెద్ద ఆర్కెస్ట్రా, ఒకటి కచేరీలో రికార్డు చేసినది ఉంటే చాలు.

వాల్యూమ్ సమం చేయడం అన్నిటికంటే ముఖ్యం. రెండు హెడ్‌ఫోన్స్‌లో ఒకటి కాస్త గట్టిగా మోగుతుంటే, అది గట్టిగా ఉందని మనకి తోచదు, బాగుందని తోస్తుంది. ఒకటి రెండు డెసిబెల్స్ తేడాకే చెవి మోసపోతుంది. ఒకే ఫోన్‌లో ఒకే వాల్యూమ్ ఉంచితే సమం అయిపోయినట్టు కాదు, ఒక్కో మోడల్ ఒక్కోలా మోగుతుంది. గాయకుడి గొంతు రెండింటిలోనూ ఒకే ఎత్తులో ఉన్నట్టు అనిపించేదాకా సర్దుకుని, అప్పుడు పోల్చండి. ఈక్వలైజర్, 'బేస్ బూస్ట్' లాంటివి ఆపేయండి.

ఏం వినాలి? ముందు గొంతు. స, శ, ష వచ్చిన ప్రతిచోటా చెవిలో సూదిలా గుచ్చుతోందంటే ట్రెబుల్‌లో (సన్నటి, కీచు శబ్దాల భాగంలో) ఎక్కడో అవసరానికి మించి ఎత్తు ఉన్నట్టు. రికార్డింగ్‌లోనే ఆ లోపం ఉండొచ్చు, కాబట్టి రెండు మూడు పాటల్లో చూసుకోండి. తర్వాత బేస్. బేస్ గిటార్ వాయించే స్వరాల్ని మీరు కూనిరాగం తీయగలగాలి. అన్నీ ఒకేలా 'దబ్ దబ్' అంటున్నాయంటే అది ఎక్కువ బేస్ అనిపించుకుంటుందే గానీ మంచి బేస్ కాదు. మృదంగంలో అయితే ఎడమ వైపు తొప్పి గుమికి, కుడి వైపు వలంతల నాదానికి తేడా తేటగా తెలియాలి. తంబురా శ్రుతి ఉన్న పాటలో మీటు తర్వాత నాదం ఎంతసేపు నిలిచి, ఎలా సన్నగిల్లుతుందో వినండి. కచేరీ రికార్డింగ్ ఆఖర్లో చప్పట్లు చాలా మంచి పరీక్ష. వేరువేరు చేతులు వేరువేరు చోట్ల కొడుతున్నట్టు ఉండాలి, కాగుతున్న నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు కాదు.

మొదటి రెండు నిమిషాల్లో మనసు దోచేది ఎప్పుడూ మిలమిల మెరిసే ట్రెబుల్, దడదడలాడే బేస్ ఉన్న మోడలే. అదే గంటసేపు వింటే తల బరువెక్కుతుంది. నెమ్మదిగా ఉన్న రెండోది మొదట చప్పగా అనిపించి, మూడో పాటకి ఇంకా వినాలనిపిస్తుంది. అందుకని టకటకా మార్చి మార్చి వినడంతో సరిపెట్టకుండా, ఒక్కోదాంతో కనీసం మూడు పాటలు పూర్తిగా వినండి. మధ్యలో చెవులకి కాసేపు విశ్రాంతి ఇవ్వండి. వింటూ వింటూ వాల్యూమ్ తగ్గించాలనిపిస్తే అది ఆ మోడల్‌కి మైనస్ మార్కే.

5. మీ ఫోన్ దాన్ని మోయగలదా?

బ్లూటూత్ అయితే ఈ మెట్టు దాటేయండి. వైర్ అయితే రెండు అంకెలు చూడాలి. ఇంపిడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్స్ చూపే అడ్డు) ఓమ్‌లలో, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతాయన్నది) డెసిబెల్స్‌లో ఉంటుంది. ఓమ్‌లు ఎక్కువైతే ఆంప్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. వీటిలో 250 ఓమ్‌లది ఫోన్‌కి కొంచెం కష్టమే. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 ఇంపిడెన్స్ 50 ఓమ్‌లే, కానీ సెన్సిటివిటీ 83.5 డెసిబెల్స్ కావడంతో మామూలు ఆంప్‌లకి కూడా లొంగదని పేరు. సెన్సిటివిటీ 10 డెసిబెల్స్ తగ్గితే అంతే శబ్దానికి పదింతల పవర్ కావాలి, 20 తగ్గితే వందింతలు.

ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టి, నెమ్మదిగా రికార్డు చేసిన పాట వినండి. వాల్యూమ్ మూడొంతుల లోపే సరిపోతే ఆంప్ గురించి ఆలోచించొద్దు. చివరికంటా పెంచినా చాలకపోతే ఒక డాక్-ఆంప్ (డిజిటల్ డేటాని శబ్ద సిగ్నల్‌గా మార్చి, పెంచి ఇచ్చే పరికరం) కావాలి. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ మీ హెడ్‌ఫోన్స్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకుండా చూసుకోండి. 32 ఓమ్‌లకి 4 లోపు అన్నమాట. స్టాక్స్ లాంటి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్స్ మామూలు ఆంప్‌తో అసలు పని చేయవు. వాటికి వందల వోల్టుల స్థిరమైన వోల్టేజ్ (బయాస్) ఇచ్చే ప్రత్యేకమైన ఆంప్ కావాలి, బడ్జెట్లో దాన్నీ కలుపుకోండి. ఖరీదైన కేబుళ్ల జోలికి మాత్రం పోకండి. పొడవు సరిపోవాలి, పిన్ మీ ఆంప్‌కి పట్టాలి, అంతే.

6. ఇప్పుడు గ్రాఫులు చూడండి

పెట్టె మీద '5 నుంచి 40,000 హెర్ట్జ్' అని రాసి ఉంటే దాన్ని పట్టించుకోవద్దు. మనిషి చెవి వినేది సుమారు 20 నుంచి 20,000 దాకా. వయసు పెరిగేకొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. కొలిచి చూపించిన ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ (బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఏ శబ్దం ఎంత గట్టిగా వస్తుందో చూపే గీత) అయితే పనికొస్తుంది. హర్మాన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ బృందం వినేవాళ్లతో పరీక్షలు జరిపి, ఎక్కువమందికి నచ్చే తీరుని ఒక గీతగా గీసింది. దాన్నే 'హర్మాన్ టార్గెట్' అంటారు. మీకు నచ్చిన మోడల్ గ్రాఫ్ ఆ గీతకి ఎక్కడ పైన, ఎక్కడ కింద ఉందో చూస్తే, మీ చెవి ఏం కోరుకుంటోందో మాటల్లో పెట్టుకోవచ్చు. తర్వాత దుకాణంలో లేని మోడల్స్‌ని కూడా ఆ లెక్కన వడపోయవచ్చు. 8,000 హెర్ట్జ్ పైన గ్రాఫ్‌ని అతిగా నమ్మకండి. అక్కడ కొలిచే పరికరాన్ని బట్టి, చెవి ఆకారాన్ని బట్టి గీత మారిపోతుంది.

7. రిటర్న్ గడువు లోపల పని పూర్తి చేయండి

ఇంటికి తెచ్చాక మీరు రోజూ వినే చోట, రోజూ వినే సమయంలో వినండి. "వంద గంటలు మోగిస్తే గానీ అసలు శబ్దం బయటికి రాదు" అని ఎవరైనా అంటే ఆ మాట మీద గడువు దాటనివ్వకండి. వాడగా మారేది చాలావరకు ప్యాడ్ల మెత్తదనం, మీ చెవుల అలవాటు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి, పెట్టె, కవర్లు అప్పటిదాకా పారేయకండి.

వాల్యూమ్ కూడా ఇప్పుడే అలవాటు చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినొచ్చు. 90కి పెంచితే 4 గంటలే. మంచి హెడ్‌ఫోన్స్‌లో శబ్దం చీలిపోకుండా పెరుగుతుంది కాబట్టి ఎంత పెంచామో తెలియకుండానే పెంచేస్తాం.

ప్యాడ్లు అణగిపోయే సరుకు. అవి పల్చబడ్డాక డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, అంచుల్లో సందులు పడతాయి, శబ్దం మారిపోతుంది. రోజూ వింటాం కాబట్టి ఆ మార్పు మన చెవికి అందదు. కృత్రిమ తోలు పొట్టు రాలడం మొదలైతే ఆలస్యం చేయకండి. వేరే కంపెనీ ప్యాడ్లు చవకగా దొరికినా, మందం గానీ లోపలి రంధ్రం సైజు గానీ తేడా ఉంటే మీరు ఏరికోరి తెచ్చుకున్న శబ్దం చేజారుతుంది. తోలు తీసి వెల్వెట్ రకం వేస్తే చెమట తగ్గుతుంది, బేస్ కూడా కొంత తగ్గొచ్చు. అసలు కంపెనీవే ఒక జత తెప్పించి, పాతవి ఒక వైపు ఉండగానే రెండో వైపు కొత్తది తొడిగి, ఒకే గొంతు ఉన్న పాట పెట్టి చూడండి. ఎడమకీ కుడికీ తేడా ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.