మొదటి పోర్ట్ వేసే ముందు: కొత్త పీజీలకు

వరంగల్‌లో కొత్త సర్జరీ పీజీలు ఓటీల్లోకి (ఆపరేషన్ థియేటర్లలోకి) వచ్చే రోజులివి. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) పెద్ద గాయాల్లో సుమారు సగం మొదటి పోర్ట్ (పొట్టలోకి కెమెరా, పరికరాలు పంపే గొట్టం) వేసే దగ్గరే అవుతాయి.

టేబుల్ సమంగా ఉందా? తలవైపు ముందే దించితే అయోర్టా (పెద్ద రక్తనాళం) రెండుగా విడిపోయే చోటు, అక్కడి నుంచి కాళ్లవైపు వెళ్లే ఇలియాక్ నాళాలు వెరెస్ సూది (పొట్టలో గ్యాస్ నింపేది) దారిలోకి వస్తాయి. సన్నటి మనిషిలో బొడ్డు నుంచి అక్కడికి రెండు మూడు సెంటీమీటర్లే ఉండొచ్చు. పోర్ట్ వేశాకే దించండి.

పాత మిడ్‌లైన్ కుట్ల మచ్చ ఉంటే బొడ్డు వదిలేయండి, కింద పేగు అతుక్కుని ఉండొచ్చు. రైల్స్ ట్యూబ్‌తో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) కడుపు ఖాళీ చేసి పామర్స్ పాయింట్‌కు (ఎడమ పక్కటెముకల అంచుకు కాస్త కింద) వెళ్లండి. స్ప్లీన్ (ప్లీహం) పెరిగి ఉంటే అదీ వద్దు.

మూత్రాశయం ఖాళీ చేయించండి.

వెరెస్ సూదిలో తొలి గ్యాస్ ప్రెషర్ 10 mmHg దాటితే సూదిని లోపల తిప్పకండి, చిన్న రంధ్రం పెద్ద చీలికవుతుంది. తీసేయండి.

కెమెరా వెళ్లగానే ముందు పోర్ట్ కిందే చూడండి. రక్తం వెనకవైపు చేరితే పైకి కనబడదు, బీపీ పడితే అనుమానించండి.