ఈసంజీవనిలో గుండె వైద్య సలహా: దరఖాస్తు విధానం, ఈసీజీ కాగితం విషయంలో జాగ్రత్తలు

పద్మనాభం, ఆనందపురం, భీమునిపట్నం మండలాల పల్లెల్లో గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు, పాత మందులే కొనసాగించాలా అని అడగడానికి కూడా ఒక రోజు కూలి వదులుకుని విశాఖపట్నం రావలసిన అవసరం చాలాసార్లు ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఈసంజీవని సేవ ద్వారా డాక్టరుతో వీడియోలో ఉచితంగా మాట్లాడవచ్చు. నమోదు పేరు చెప్పి డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

అయితే ఛాతీలో బరువుగా నొప్పి రావడం, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం రావడం వంటివి కనిపిస్తే ఈ సేవ కోసం ఆగకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

నమోదుకు రెండు దారులున్నాయి. సొంత ఫోన్‌లో మొబైల్ నంబరు, ఓటీపీ ఇచ్చి వివరాలు నింపితే టోకెన్ వస్తుంది. ఫోన్ లేనివారు గ్రామంలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి వెళితే, అక్కడి ఆరోగ్య అధికారి తన లాగిన్ నుంచే డాక్టరుతో కలుపుతారు. బీపీ, షుగరు అక్కడికక్కడే చూసి నమోదు చేస్తారు కాబట్టి గుండె రోగులకు ఈ రెండో దారే మేలు.

ఆభా నంబరు (వైద్య రికార్డులను ఒకచోట కలిపే ఆరోగ్య ఖాతా సంఖ్య) తీసుకునేవారు ఒక విషయం గమనించాలి. ఈ 14 అంకెల సంఖ్య కూడా ఉచితమే. దాన్ని తయారు చేసేటప్పుడు దళారి తన ఫోన్ నంబరు ఇస్తే, ఆ తర్వాతి ఓటీపీలు అతనికే వెళతాయి, ప్రతిసారీ అతని దగ్గరికే వెళ్లవలసి వస్తుంది. కనుక మీ నంబరు గానీ, ఇంట్లో మీరు నమ్మేవారి నంబరు గానీ ఇచ్చారో లేదో దగ్గరుండి చూసుకోండి.

ఎక్కువమంది చిక్కుకునేది ఈసీజీ కాగితం దగ్గర. ఈసీజీ సాధారణంగా వేడికి నల్లబడే కాగితంపై వస్తుంది. పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడి గీతలు కనిపించవు, ప్లాస్టిక్ కవరులో ఏళ్లతరబడి ఉంచితే గీతలు వెలిసిపోతాయి. తీయించిన రోజే జిరాక్స్ తీయించి రెండూ దాచుకోవాలి.

డాక్టరుకు చూపడానికి ఈసీజీని ఫోటో తీసేటప్పుడు కాగితాన్ని బల్లపై చదునుగా పరిచి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా, అంచులతో సహా తీయాలి. పేరు, తేదీ, సమయం, అంచున ముద్రించిన కాగితం వేగం (సాధారణంగా సెకనుకు 25 మి.మీ.), సన్నని గళ్లు స్పష్టంగా కనిపించాలి. ఆ వేగంలో ఒక్కో చిన్న గడి 0.04 సెకను కాబట్టి, గళ్లు కనబడకపోతే గుండె లయను కొలవడం డాక్టరుకు వీలుకాదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోవడం మంచిది. మునుపటి ఈసీజీ ఉంటే అదీ జతచేయండి. ఇప్పుడు కనిపిస్తున్న మార్పు కొత్తదా, పాతదా అని డాక్టరు తేల్చేది ఆ రెండింటినీ పోల్చి చూసే. యంత్రం అచ్చువేసిన ‘నార్మల్’ అనే మాటను చూసి ధైర్యపడవద్దు.

వాడుతున్న మందుల అట్టలన్నీ వీడియో ముందు పెట్టుకోండి. మాత్ర రంగు చెబితే డాక్టరు దాన్ని గుర్తించలేరు. గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను తమంతట తాము ఒక్క రోజు కూడా మానకూడదు.

సంప్రదింపు ముగిశాక మందుల చీటీ ఫోన్‌కు వస్తుంది, దాన్ని ముద్రించి దాచుకోవాలి. యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల పరీక్ష) చేయించుకోమని అందులో రాసినంత మాత్రాన, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి వచ్చినట్టు కాదు. ఆ అనుమతి కోసం ఆ పథకం కిందున్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం సహాయకులను (ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర) కలిసి, ఆధార్, రేషన్ కార్డుతో పాటు ఈ చీటీని, ఈసీజీ జిరాక్స్‌ను చూపించాలి.