ఖాళీ తూటా కేసుల్లో ఏది ఇత్తడి, ఏది స్టీలు: పిన్ను విరిగాక నేర్చుకున్నది

నేను టెక్సాస్‌లో ఉంటాను. శనివారం షూటింగ్ రేంజ్‌లో .223 రైఫిల్ కాల్చడం, తూటా పేలాక మిగిలే గొట్టాలు, అంటే ఖాళీ కేసులు ఏరుకొచ్చి తుపాకి మందు, గుండు పెట్టి మళ్లీ నింపుకోవడం నా పిచ్చి. ఏరినవన్నీ పనికిరావని తెలిసింది మాత్రం డీక్యాపింగ్ పిన్ను టప్పున విరిగాకే. కేసు అడుగున మందుని అంటించే చిన్న మూత ప్రైమర్, అది కాలిపోయాక లోపలి నుంచి బయటికి తోసేది ఈ పిన్నే.

బంగారు రంగులో ఉన్నదల్లా ఇత్తడే అనుకున్నాను. స్టీలు మీద ఇత్తడి పూత వేసినవీ ఉంటాయి. అందుకే ముందు అయస్కాంతం. పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన ముక్కని ట్రేలో తిప్పుతాను. అతుక్కున్నవి స్టీలు, పక్కకి. వెండిలా మెరుస్తూ అతుక్కోనివి దొరికితే పారేయకండి, అవి చాలావరకు నికెల్ పూత పూసిన ఇత్తడివి.

తర్వాత టార్చి. కేసు మూతిలోంచి అడుగుకి చూడండి. నడిమధ్య ఒకే బెజ్జం ఉంటే బాక్సర్ రకం, మామూలు పిన్నుతో పాత ప్రైమర్ ఊడొస్తుంది. అటొకటి ఇటొకటి రెండు చిన్న బెజ్జాలుంటే బెర్డాన్. మధ్యలో గట్టి లోహమే ఉంటుంది, నా పిన్ను విరిగింది దాన్ని గుద్దుకునే. రష్యా స్టీలు కేసులు ఎక్కువగా ఇవే. తమాషా ఏంటంటే, ఈ పద్ధతులు కనిపెట్టినవాళ్లలో బెర్డాన్ అమెరికావాడు, బాక్సర్ ఇంగ్లండువాడు. అమెరికాలో నడిచేది మాత్రం బాక్సర్ పద్ధతే. ఇత్తడి కేసుల్లోనూ బెర్డాన్ ఉంటుంది కాబట్టి టార్చి మానకండి.

బాక్సర్ ప్రైమర్ ఉన్న స్టీలు కేసుని నింపొచ్చు, నింపేవాళ్లూ ఉన్నారు. నేను నింపను. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి పేలినప్పుడు ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకి అతుక్కుంటుంది, మళ్లీ కాస్త లోపలికి తగ్గుతుంది. స్టీలుకి ఆ సాగే గుణం తక్కువ. దాంతో ఛాంబర్‌లోకి మసి ఎక్కువ వస్తుంది, డైలో (కేసుని నొక్కి పాత కొలతకి తెచ్చే అచ్చులో) దించడానికి చేతులు పడిపోతాయి. పూత గీసుకుపోతే తుప్పు, ఇది మన వంటింటి గిన్నెల స్టీలు కాదు మరి.

ఇత్తడిదైనా గుడ్డిగా నమ్మకూడదు. పేపర్ క్లిప్ నిటారుగా చేసి, కొసని కొంచెం కొక్కెంలా వంచండి. దాన్ని లోపలికి దించి, అడుగు నుంచి పైకి గోడని రాస్తూ లాగండి. నున్నగా వస్తే సరే. అడుగుకి కాస్త పైన ఎక్కడో గాడిలో పడ్డట్టు తగిలిందా, ఆ కేసు అక్కడ తెగబోతోంది. బయట అదే చోట మెరిసే చార కూడా కనిపించవచ్చు. నేనైతే అప్పటికప్పుడే పట్టకారుతో మూతి నొక్కేస్తాను, లేకపోతే మళ్లీ మంచివాటిలో కలుస్తుంది.

డైలో నొక్కి సైజు చేశాక కేసు పొడవు కొలవండి. .223కి 1.760 అంగుళాలు దాటితే 1.750కి కోయాలి. మిలిటరీ కేసులకి ప్రైమర్ గుంట అంచు లోపలికి నొక్కి ఉంటుంది, ఆ నొక్కుడు తీసెయ్యాలి. మందు తూకం మాత్రం అచ్చయిన లోడింగ్ మాన్యువల్ చూసే వెయ్యండి, నాలాంటివాళ్ల మాట విని కాదు.

స్టీలువి రేంజ్‌లో వేరే బకెట్‌లో పడేసి వస్తాను. ఒకసారి వాటిని ఇత్తడి కేసుల బకెట్‌లో వేస్తుంటే అక్కడి పెద్దాయన చూసి, నా చేతే మొత్తం ఏరించాడు.