ఆడియో పుస్తకాలు: ఫ్రీ నెలలో జేబు ఖాళీ కాకుండా

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నాది మొబైల్ షాపు. రైల్లో రోజూ విశాఖ వెళ్లొచ్చేవాళ్లలో కొందరు పాటలు మానేసి పుస్తకాలు వింటున్నారు. ఆనక డబ్బులు కట్ అయ్యాయని ఫోన్ తెచ్చి నా కౌంటర్ మీద పెడతారు. "ఇదేటి బాబూ, ఫ్రీ అన్నాడు గదా?" అని.

ఫ్రీ అన్నది సభ్యత్వానికే, అందులోని దుకాణానికి కాదు. ట్రయల్‌లో, అంటే ఆ ఫ్రీ నెలలో చేరగానే కొన్ని యాప్‌లు ఒక క్రెడిట్ ఇస్తాయి, దానికి ఒక పుస్తకం వస్తుంది. సభ్యత్వంలోనే కలిసివచ్చే పుస్తకాలు కొన్ని. మిగతావి డబ్బుకే. అన్నీ ఒకే తెర మీద, పక్కపక్కనే ఉంటాయి. అట్ట నొక్కాక ధర కనబడిందా, అది కొనుగోలే.

ఎక్కువమంది దొరికిపోయేది భాగాలుగా వచ్చే పుస్తకాల దగ్గర. ఒక రిటైర్డ్ మాస్టారు మొదటి భాగం క్రెడిట్‌తో తీసుకున్నారు. తర్వాతవన్నీ కొనుక్కుంటూ పోయారు. "కథ అక్కడ ఆపేస్తే నిద్రెలా పడుతుంది?" అన్నారు. నేనేం చెప్పను! అందుకే క్రెడిట్‌ను ఒక్కదానితో ముగిసే, ధర ఎక్కువున్న పుస్తకానికి వాడండి. సాధారణంగా అది ట్రయల్ అయ్యాక కూడా మీ దగ్గరే ఉంటుంది. కలిసివచ్చినవి సభ్యత్వంతోపాటే పోతాయి కాబట్టి ముందు వాటినే వినండి. కొనాలనిపించింది విష్‌లిస్టులో పడేసి, శాంపిల్ వినండి. చదివేవారి గొంతు నచ్చక వదిలేసేవే ఎక్కువ.

కార్డు మాత్రం సేవ్ చెయ్యకండి. యూపీఐతో కొంటే పిన్ కొట్టేటప్పుడైనా చెయ్యి కాస్త ఆగుతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వేలిముద్రో పాస్‌వర్డో అడిగేలా పెట్టుకోండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఇది తప్పనిసరి.

ఇక ఆటోపే, అంటే చందా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు. ట్రయల్ మొదట్లో ఒకటో రెండో రూపాయల కోసం పిన్ కొట్టిస్తారు. అదే తెర మీద గరిష్ఠంగా ఎంత, ఎన్నాళ్లకోసారి అని రాసి ఉంటుంది. అది చదివాకే పిన్ కొట్టండి. 15,000 రూపాయల లోపు చందాలకు తర్వాత నెలనెలా పిన్ అడగరు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. వస్తుంది కూడా, కాకపోతే లోన్ ఆఫర్ల గుంపులో పడి ఉంటుంది.

యాప్ డిలీట్ చేసినంత మాత్రాన చందా ఆగదు. ఎక్కడ చేరారో అక్కడే రద్దు చెయ్యాలి. ప్లే స్టోర్ అయితే ప్రొఫైల్ బొమ్మ నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి, వెబ్‌సైట్ అయితే మీ అకౌంట్‌లోకి వెళ్లండి. క్రెడిట్ మిగిలుంటే ముందు వాడేయండి, రద్దుతో అదీ పోవచ్చు. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి ఆ మాండేట్ (డబ్బు కట్ చేసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) కూడా తీసేయండి. రద్దయినట్టు వచ్చిన మెసేజ్‌కి స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

పొరపాటున కొన్నదుంటే దాన్ని వినకుండా అలాగే ఉంచి, వెంటనే రీఫండ్ అడగండి. ప్లే స్టోర్‌లో 48 గంటల్లోపు అడిగితే అవకాశం ఎక్కువ. పైడితల్లమ్మ పండగలో సిరిమాను తిరిగాక చూద్దాంలే అంటే నేను కూడా ఏమీ చెయ్యలేను.