పిల్లలతో ఎముకల బొమ్మలు ఎలా చేయించాలి?

మే నెలలో విజయవాడలో ఉదయం 11 దాటిందంటే పిల్లల్ని బయటికి పంపలేం. ఆ మధ్యాహ్నాల్లో సెల్‌ఫోన్ పక్కన పెట్టించి కూర్చోబెట్టడానికి అస్థిపంజరం బొమ్మలు చాలా బాగా పనికొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు "దెయ్యం బొమ్మలెందుకమ్మా?" అనవచ్చు. మన పిల్లలు పుర్రెను మొదట చూసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర డేంజర్ బోర్డు మీదే కాబట్టి కొంత భయం ఉంటుంది. అందుకే రంగులు తీయకముందే పిల్లల చేత వాళ్ల ఎముకల్ని వాళ్లనే తడిమించండి. ఇది మాత్రం వదిలేయకండి.

వేళ్లు మడిచి కణుపులు లెక్కపెట్టమనండి. గట్టిగా ఊపిరి పీల్చి పక్కటెముకలు పట్టుకుని చూడమనండి. ముందుకు వంగితే వీపు మధ్యలో వరసగా గుబ్బల్లా తగిలేవి వెన్నుపూసలు. తాతయ్యగారి మోకాలి ఎక్స్‌రే ఏదైనా బీరువాలో ఉంటే కిటికీ వెలుతురులో పెట్టి చూపించండి. తమ ఒంట్లో ఉన్నదే అని తెలిశాక పిల్లలకు ఇక భయం ఉండదు, ప్రశ్నలే ఉంటాయి.

కావలసినవి: నల్ల చార్టు, తెల్ల క్రేయాన్, వాటర్ కలర్స్, డ్రాయింగ్ షీట్లు, ఫెవికాల్, ఇయర్ బడ్స్, గుప్పెడు సగ్గుబియ్యం, పాత శుభలేఖలు, లావు దారం, సూది. ఇంట్లో లేనివి బీసెంట్ రోడ్డులోనో వన్ టౌన్‌లోనో దొరుకుతాయి. ఇయర్ బడ్స్ కాగితం పుల్లవి తీసుకోండి. ప్లాస్టిక్ పుల్ల కత్తిరిస్తే ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు.

సొంత చేతి ఎముకలు

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇదే. ఆరేళ్లు దాటిన పిల్లలు కాస్త సాయం ఉంటే చేసేస్తారు.

1. నల్ల చార్టు మీద పిల్లవాడి చేతిని, మణికట్టు కిందిదాకా పెట్టించి, చుట్టూ తెల్ల క్రేయాన్‌తో గీయండి.

2. మణికట్టు దగ్గర ఫెవికాల్ రాసి 8 సగ్గుబియ్యం గింజల్ని రెండు వరసల్లో, వరసకు నాలుగు చొప్పున అంటించండి. అక్కడ నిజంగా ఉండే చిన్న ఎముకలు ఎనిమిదే.

3. అరచేతిలో ఒక్కో వేలి వైపు ఒక్కో ఇయర్ బడ్ పుల్ల అంటించండి, మొత్తం 5.

4. వేళ్లకు 14 ముక్కలు కావాలి. బొటనవేలికి రెండే, మిగతా వాటికి మూడేసి. చివరికి వెళ్లేకొద్దీ ముక్క పొట్టిగా ఉండాలి. బొటనవేలికి రెండే ఎందుకో మీరు చెప్పకండి, వేలు మడిచి చూసుకుని వాడే లెక్కపెట్టాలి.

మొత్తం 27. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే 206 ఎముకల్లో రెండు చేతులు, రెండు పాదాలవే 106 అని ఇక్కడ చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. ఇంకో సంగతి కూడా చెప్పండి: ఐదేళ్ల పిల్లల చేతి ఎక్స్‌రేలో మణికట్టు ఎముకలు ఎనిమిదీ కనిపించవు. కొన్ని అప్పటికింకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి, అది ఎక్స్‌రేలో ఎముకలా తెల్లగా పడదు.

మైదా జిగురు వాడకండి, రాత్రికల్లా చీమలు పడతాయి. మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే సగ్గుబియ్యం గిన్నె అందనంత ఎత్తులో పెట్టండి. ముక్కులో దూర్చుకుంటే మహా టెన్షన్.

ఎక్స్‌రే పెయింటింగ్

కత్తెర పట్టలేని చిన్నపిల్లలకు ఇది. తెల్ల డ్రాయింగ్ షీటు మీద తెల్ల క్రేయాన్‌తోనో కొవ్వొత్తితోనో ఎముకలు గట్టిగా రుద్ది గీయాలి. పైన నీళ్లు ఎక్కువ కలిపిన ముదురు నీలం రంగు పూస్తే, మైనం ఉన్నచోట నీళ్లు అంటవు కాబట్టి ఎముకలు తెల్లగా బయటపడతాయి. రంగు చిక్కగా ఉంటే మాత్రం మైనాన్ని కూడా కప్పేస్తుంది.

ఆడే బొమ్మ

పాత శుభలేఖల అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. తల, ఛాతీ, నడుము, చేతులకు నాలుగు ముక్కలు, కాళ్లకు నాలుగు, మొత్తం 11 కత్తిరించి ఎముకలు గీయించండి. పక్కటెముకలు 12 జతలూ గీయాలని పట్టుబట్టకండి, చిన్న బొమ్మలో పట్టవు. భుజం నుంచి మోచేయి దాకా ఒకే ఎముక, మోచేయి కింద రెండు, తొడలో ఒకటి, మోకాలి కింద రెండు అన్నది మాత్రం తప్పకూడదు.

కీళ్ల దగ్గర మన తోలుబొమ్మలకు కట్టినట్టే దారంతో కట్టాలి. ముక్క మీద ముక్క పెట్టి, సూదితో రంధ్రం చేసి, దారం దూర్చి రెండు వైపులా ముడి వేయండి. సూది పని పెద్దవాళ్లదే. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు. ముడికీ అట్టకూ మధ్య గోరు దూరేంత సందు వదిలితే బొమ్మను ఊపగానే కాళ్లూ చేతులూ ఆడతాయి.